ఆరువందల పద్నాలుగో ఎత్తు

మా ల్యాబులో మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ యుద్ధాల్లో ఉంటారు. కుడిచేత్తో పెరుగన్నం, ఎడమచేతిలో ఫోను, ఫోనులో కాల్పులు. బాపట్లలో విత్తనాలు పరీక్షించే చిన్న ల్యాబు మాది. వరి గింజల్ని వందేసి చొప్పున లెక్కపెట్టి, తడి కాగితంలో చుట్టిపెట్టి, పద్నాలుగు రోజులయ్యాక విప్పి ఎన్ని మొలకెత్తాయో రాయడం నా పని. ఇరవై ఏళ్లుగా ఇదే. గింజని ఎంత గదమాయించినా దాని వేళకే అది మొలుస్తుంది కాబట్టి నా నిదానం ఈ ఉద్యోగంలో ఎవరికీ తప్పుగా కనిపించలేదు.

ఆ వేళప్పుడు నేను గళ్ల కాగితం ఒకటి ముందేసుకుని పెన్సిల్‌తో కొండలూ నదులూ గీసుకుంటూ ఉంటాను. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ఏంటి సార్ అది, పొలం ప్లానా?"

"ఆటండి. అవతలాయన ఎటు వస్తే నేనెటు వెళ్లాలో చూసుకుంటున్నా."

"ఆయన వచ్చేదాకా ఇలా కూర్చునే ఉంటారా?"

"ఆయన వంతులో నేనేమీ చెయ్యకూడదండి. నా వంతులో ఆయనా చెయ్యడు."

ఆవిడ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఆ రకం ఆటలు ఇంకా ఎవరైనా ఆడుతున్నారా సార్?" అంది. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"ఇద్దరం ఆడుతున్నామండి" అన్నాను. అది అబద్ధం. అప్పటికి ఐదు నెలలుగా నేనొక్కడినే కూర్చుని ఉన్నాను.

ఈ ఆటలు తెలియనివాళ్లకు కాస్త చెప్పాలి. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఆటల్లో రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో చదరంగంలాగా వంతులుంటాయి. నా సైనికులందర్నీ నేను జరుపుకుని, అయిందని చెప్పి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అప్పుడు అవతలివాడు మొదలుపెడతాడు. రెండోదాంట్లో వంతుల్లేవు. ఇద్దరైనా ఇరవైమందైనా అందరూ ఒకేసారి కడుతుంటారు, ఒకేసారి కొడుతుంటారు, గడియారం ఎవరి కోసమూ ఆగదు. మొదటి రకం పని అయిపోయిందని కొందరంటారు. లేదు, కొత్తవి వస్తూనే ఉన్నాయి, ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారని ఇంకొందరంటారు. లోకం సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్క ఆట, ఒక్క మనిషి. నేను చెప్పగలిగేది అంతవరకే.

అతనూ నేనూ తెనాలిలో ఇంటర్ కలిసి చదివాం. నాది పక్కనే నందివెలుగు, సైకిల్ మీద వచ్చేవాణ్ణి. అతనిది రేపల్లె, తెనాలిలో గది తీసుకుని ఉండేవాడు. చుట్టరికమేమీ లేదు గానీ మా వైపు స్నేహితులు చాలామంది పిలుచుకున్నట్టే మేమూ బావా అంటే బావా అనుకునేవాళ్లం. చౌక్ వెనక సందులో ఒక మేడ మీద ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. ఇద్దరూ ఒకే కంప్యూటర్ మీద ఆడుకోగలిగే వంతుల ఆట ఒకటి అక్కడ మాకు దొరికింది. ఒకడు ఆడుతుంటే రెండోవాడు తెర చూడకూడదు, చూస్తే సైన్యం ఎక్కడ దాచాడో తెలిసిపోతుంది. అందుకని రెండోవాడు బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. పని అయ్యాక లోపల్నుంచి కేక వినపడేది. "బావా, నీ ఛాన్సు." నా ఇంటర్ చదువు సగం ఆ మెట్ల మీదే అయింది. ఒళ్లో ఫిజిక్స్ పుస్తకం ఉండేది, చెవులు మాత్రం లోపల ఉండేవి.

మెట్ల మీద కూర్చున్నవాడు లోపలికి తొంగిచూసి "అయిందా, ఇంకెంతసేపు" అని అడగకూడదు. ఈ నియమం నేనే పెట్టాను. మా ఇంటి నుంచి తెచ్చాను. కాలువలో నీళ్లు తక్కువైన ఏడు మా ఊళ్లో చేలకు వంతులు వేసేవాళ్లు. ఇవాళ ఒకరి చేను, రేపు ఇంకొకరిది. ఎవరి వంతైతే వాళ్లు తూము దగ్గర ఉంటారు. ఆ పూట వాళ్ల గట్టు మీదకు వెళ్లి నిలబడటం మా నాన్న దృష్టిలో పెద్ద తప్పు. నిలబడ్డావంటే నువ్వు వాణ్ణి దొంగ అన్నట్టేననేవాడు. చేను నెర్రెలు విచ్చుతున్నా సరే, ఇంటి అరుగు మీదే కూర్చుని కబురు కోసం చూసేవాడు. "వంతు ఉన్నవాణ్ణి తొందర పెట్టకూడదురా" అని నాకు అక్షరాలు రాకముందే నేర్పాడు. బావకి ఈ సంగతి చెప్పాను. రేపల్లె వైపు చేలు కాలువ చివర కదా, నీళ్లు అందక అవస్థ పడేది వాళ్లే, అయినా తల ఊపి సరేనన్నాడు. ఆ తర్వాత నాకంటే అతనే గట్టిగా పాటించాడు.

రెండో ఏడు సెంటరాయన కంప్యూటర్లన్నిటినీ వైర్లతో కలిపించాడు. గడియారం ఆగని ఆటలు వచ్చాయి. ఎనిమిదిమంది ఎనిమిది కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకళ్లనొకళ్లు అమ్మనాబూతులు తిట్టుకుంటూ ఆడేవాళ్లు. మెట్ల మీద కూర్చునే పని ఇక ఎవరికీ లేకపోయింది. బావ బలవంతం మీద నేనూ ఒకసారి కూర్చున్నాను. ధాన్యం కొట్టు ఎక్కడ కడితే వీలుగా ఉంటుందా అని చూసుకుంటుండగానే అతని గుర్రాలు నా ఊళ్లోకి దూరి అన్నీ తగలబెట్టేశాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఇందులో ఆలోచన లేదు బావా" అన్నాను.

"ఉంది బావా. నువ్వు ఆలోచించేలోపు నేను ఆలోచించేశా" అన్నాడు.

అయినా నా కోసం మళ్లీ పాత ఆటకే వచ్చాడు. అందరూ ఆ చివర అరుచుకుంటుంటే మేమిద్దరం మూల కంప్యూటర్ దగ్గర ఒకరి తర్వాత ఒకరం మెట్ల మీదకు వెళ్లి వస్తూ ఉండేవాళ్లం. అటు చూస్తుంటే అతని కాళ్లు ఊగేవి. నా మీద దయతో కూర్చున్నాడని అప్పుడు నాకు తోచలేదు.

చదువులయ్యాక అతను రేపల్లె వెళ్లి రొయ్యల చెరువులు చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను బాపట్ల వచ్చాను. పెళ్లి చేసుకున్నాను. మూడేళ్లకు మా ఆవిడ తన దారి తను చూసుకుంది. దానికి నా నిదానం కూడా ఒక కారణమని ఆవిడే చెప్పింది. ఏం జవాబు చెప్పాలా అని నేను ఆలోచిస్తుండగానే వెళ్లిపోయింది.

చాలా ఏళ్లకు ఎవరిదో పెళ్లిలో బావ కలిశాడు. "పాత ఆట ఆడదామా, ఫైలు మెయిల్లో పంపుకుంటూ" అన్నాడు. అలా మొదలైంది. ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్ద మ్యాపు ఎంచుకుని, ఒకే ఆట ఏడేళ్లు ఆడాం. నా ఎత్తు వేసి, ఆట ఫైలును మెయిలుకు తగిలించి, పైన నంబరు వేసి పంపేవాణ్ణి. అతను తన ఎత్తు వేసి తర్వాతి నంబరుతో తిప్పి పంపేవాడు. మెయిల్లో రెండు ముక్కలుండేవి. "చెరువులో ఏరియేటర్ చెడింది, ఒళ్లు హూనం. నీ వంతెన కూల్చాను." "పాపకి జ్వరం తగ్గింది. నీ రెండో కోట జాగ్రత్త." నేనూ అలాగే రాసేవాణ్ణి. "ఈసారి గింజలు సగం కూడా మొలవలేదు. నీ వంతెన ఎవడిక్కావాలి, నాకు పడవలున్నాయి." ఫోన్లు చేసుకునేవాళ్లం కాదు. చెప్పుకోవాల్సినవన్నీ ఆ రెండు ముక్కల్లో అయిపోయేవి.

సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీయగానే, చెప్పులు విప్పకముందే కంప్యూటర్ వేసేవాణ్ణి. కొత్త నంబరు కనిపిస్తే ఆ పూట ఇంట్లో ఇంకొకరు ఉన్నట్టే. కనిపించకపోయినా దిగులు లేదు, రేపల్లెలో ఒక మనిషి కూర్చుని నన్ను ఎలా దెబ్బతీయాలా అని ఆలోచిస్తున్నాడు. నన్ను గురించి అంతగా ఆలోచించేవాళ్లు ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. గడియారం ఆగని ఆటలో ఈ సుఖం ఉండదు. అందులో ఆట అయిపోగానే అవతలివాడూ అయిపోతాడు. వంతుల ఆటలో నేను అన్నం వార్చుకుంటున్నా, బట్టలు ఆరేసుకుంటున్నా ఆట నడుస్తూనే ఉంటుంది.

ఆరువందల పద్నాలుగో ఎత్తు నాది. ఆ వారం ల్యాబుకు వరసగా సెలవులొచ్చాయి. నాలుగు రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. పాలప్యాకెట్ కూడా వేలితో చూపించి తెచ్చుకున్నాను. ఐదో రోజు సాయంత్రం ఎత్తు వేసి, ఫైలు తగిలించి, మామూలు రెండు ముక్కలు రాశాక, చెయ్యి ఊరుకోక ఇంకో ముక్క రాశాను. "ఇంట్లో ఏమీ తోచట్లేదు బావా. వీలైతే ఒకసారి వచ్చి రెండ్రోజులు ఉండి వెళ్లు." దాన్ని ఉంచాలా తీసేయాలా అని చాలాసేపు చూశాను. నలభై దాటిన మనిషి రాయాల్సిన మాటలా అనిపించలేదు. చివరికి తెగించి పంపమని నొక్కాను. నొక్కానో లేదో కరెంటు పోయింది. గంట తర్వాత వచ్చింది. మామూలుగా అయితే మెయిలు వెళ్లిందో లేదో చూసుకునేవాణ్ణి. ఆ రోజు ఆ మూడో ముక్క మళ్లీ కళ్లబడుతుందనే సిగ్గుతో చూడలేదు.

జవాబు రాలేదు. మొదట్లో రొయ్యలు పట్టే రోజులేమో, తీరిక లేదేమో అనుకున్నాను. నెల గడిచింది. ఎత్తు ఆలస్యమైతే నాకేం ఫరవాలేదు, ఏడేళ్లలో ఒకసారి నలభై రోజులు కూడా పట్టింది. కానీ ఈసారి నేను చూస్తున్నది ఎత్తు కోసం కాదు. ఒకసారి రమ్మని అడిగాను, పలకలేదు. ఫోన్ చేసి అడగొచ్చు. అడిగితే వంతు ఉన్నవాడి గట్టు మీద నిలబడ్డట్టు. అది పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి, "కుదరదు బావా" అన్న మాట చెవులారా వినాల్సి వస్తుందని భయం. ఒక ఆదివారం సూర్యలంక వెళ్లి సముద్రం చూసి వచ్చాను. ఎలా ఉందని అడిగేవాళ్లు లేక, అసలు వెళ్లానో లేదో నాకే అనుమానంగా ఉంది.

పక్క బల్ల ఆవిడకు నా మీద జాలి కలిగినట్టుంది. తను ఆడే ఆటను నా ఫోన్లో వేసిపెట్టింది. "ఒకసారి చూడండి సార్, అంత కష్టమేం కాదు" అంది. మన ఫోన్లో నంబర్లున్న వాళ్లలో ఎవరెవరు ఆ ఆట ఆడుతున్నారో అది చూపిస్తుంది. అందులో బావ ఉన్నాడు. పక్కన ఆకుపచ్చ చుక్క. అంటే ఆ క్షణాన ఆడుతున్నాడని. పొద్దున టిఫిన్ వేళ చుక్క, మధ్యాహ్నం చుక్క, సాయంత్రం చుక్క. నాకు ఒళ్లు మండింది. నా ఎత్తుకు తీరిక లేదు, నా మాటకు తీరిక లేదు, దీనికుంది. మర్నాడు ఆవిడ వచ్చి "బాగుందా సార్?" అంటే "దరిద్రంగా ఉందండి" అని మొహం మీదే అనేశాను. ఆవిడ మళ్లీ నా బల్ల వైపు రాలేదు. ల్యాబులో ఉన్న ఒక్క పలకరింపునూ అలా చెడగొట్టుకున్నాను.

తర్వాతి ఆదివారం పొద్దున్నే రైలెక్కాను. తెనాలిలో దిగి రేపల్లె బండి మారాలి, దానికి గంటపైన ఉంది. కాళ్లు ఊరుకోక చౌక్ వెనక సందుకు వెళ్లాను. సెంటర్ ఎప్పుడో తీసేశారు, ఆ మేడ మీద ఇప్పుడు టైలర్ ఉన్నాడు. మెట్లు మాత్రం అవే. నాలుగో మెట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి టైలర్ కిందికి వస్తూ ఆగాడు.

"ఎవరు కావాలండి బాబాయ్ గారూ?"

"ఎవరూ కాదండి. కాసేపు నీడకి" అని లేచాను.

రైలు వేమూరు దాటి భట్టిప్రోలు వైపు వెళుతుంటే కాలువ పొడుగునా ఆయిల్ ఇంజన్లు కనిపించాయి. పైపులు వేసుకుని ఎవరికి వాళ్లు, అందరూ ఒకేసారి తోడుకుంటున్నారు. నా కళ్లు అటున్నాయి గానీ మనసు బావని నిలదీయడంలో ఉంది. అతను ఇలా అంటే నేనిలా అనాలి, అతను నవ్వేస్తే నేను నవ్వకూడదు. రేపల్లె స్టేషన్లో దిగేసరికి అన్ని ఎత్తులూ సిద్ధం చేసుకున్నాను.

ఆటోలో చెరువుల దగ్గరికి వెళ్లాను. షెడ్డు నీడలో నలుగురు కూర్చుని ఉన్నారు, బావ, చెరువు మీద పనిచేసే ముగ్గురు. నలుగురి చేతుల్లోనూ ఫోన్లు. "వెనక్కి రా, వెనక్కి రా, నేనున్నా కదా" అని బావ అరుస్తున్నాడు. నన్ను కాదు, వాళ్లలో ఒకణ్ణి. నేను గట్టు మీదే ఆగిపోయాను. తలెత్తి చూశాడు. మొహం విచ్చుకుంది. లేవబోయి, మళ్లీ తెర చూసి, అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. ఎండలో పది నిమిషాలు నిలబడ్డాను.

"ఏంటి బావా, చెప్పాపెట్టకుండా వచ్చావ్" అంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. "ఏమనుకోకు, ఇది మధ్యలో ఆపితే మిగతావాళ్లు పోతారు."

"ఇటు పనుండి వచ్చాలే" అన్నాను.

మధ్యాహ్నం వాళ్లింటి నుంచి క్యారేజీ వచ్చింది. రొయ్యల కూర, పప్పుచారు. ఇద్దరం పంచుకుని తింటున్నాం. సిద్ధం చేసుకున్న ఎత్తుల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"ఆరువందల పద్నాలుగు చూశావా?" అన్నాను.

అతను ముద్ద ఆపాడు. "పంపావా?"

"ఐదు నెలలైంది."

"నాకు రాలేదు బావా. నేను పదమూడు పంపి కూర్చున్నా. నువ్వు ఆలోచిస్తున్నావనుకున్నా. ఇన్నాళ్లు ఆలోచిస్తున్నాడంటే ఈసారి నాకు మూడిందిలే అనుకున్నా."

"మరి ఒకసారి అడగొచ్చుగా."

"వంతు ఉన్నవాణ్ణి తొందర పెట్టకూడదని చెప్పింది నువ్వేగా."

చెయ్యి కడుక్కుని ఫోన్ తీసి చూశాను. పంపిన మెయిళ్లలో అది లేదు. డ్రాఫ్టుల్లో ఉంది. నంబరుంది, ఫైలుంది, రెండు ముక్కలున్నాయి, కింద మూడో ముక్క కూడా ఉంది. రమ్మని నేను ఎవర్నీ అడగలేదు కాబట్టి ఎవరూ రాలేదు. ఐదు నెలలు ఈ మనిషి మీద నేను పెంచుకున్న కోపమంతా ఒక్కసారి నా మీదే పడింది. "డ్రాఫ్టులోనే ఉండిపోయింది బావా" అని ఫోను బోర్లా పెట్టాను. ఆ ముక్క అతని కంట పడనివ్వలేదు.

"నా కంప్యూటర్ కూడా పోయింది" అన్నాడు. "వానలకి షెడ్డు కారి తడిసింది. నీ ఎత్తు వచ్చినప్పుడు బాగుచేయిద్దాంలే అని పక్కన పెట్టా. రాలేదు. ఆ తర్వాత వీళ్లు నాకు ఇది అలవాటు చేశారు."

క్యారేజీ గిన్నెలు సర్దుతూ తనే మళ్లీ అన్నాడు. "ఏమాటకామాట చెప్పుకోవాలి బావా. నీ ఆట గొప్పదే. కానీ ఇక్కడ ఈ నీళ్ల మధ్య ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు మనిషి గొంతు వినపడాలనిపిస్తది. ఇందులో పిలిస్తే ఎవడో ఒకడు పలుకుతాడు, అప్పటికప్పుడు."

నేను ఏడేళ్లు కూర్చున్నది కూడా దానికోసమేనని అప్పుడే చెప్పాల్సింది. మాట నోటిదాకా వచ్చింది. దాన్ని ఎలా అనాలా అని చూసుకుంటుండగానే షెడ్డులోంచి ఎవరో "అన్నా, మొదలెడదామా" అని పిలిచారు, అతను లేచాడు. గడియారం ఆగని ఆటలు గెలుస్తున్నాయా అని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ అరనిమిషమే.

ఐదోవాడు కావాలని నన్నూ కూర్చోబెట్టారు. నిమిషంలో చచ్చిపోయాను. "అన్నగారు పోయారండి" అన్నాడు ఒకతను ఎంతో మర్యాదగా. అందరూ నవ్వారు, నాకూ నవ్వొచ్చింది. "ఫరవాలేదు, నా వెనకే ఉండు బావా" అన్నాడు బావ. అతని వెనకే ఉండి ఇంకో మూడుసార్లు చచ్చిపోయాను. ఆ పూట బాగుంది. బాగాలేదని చెబితే పాపం తగులుతుంది. కానీ ఆ నవ్వు వాళ్లకు రోజూ ఉంటుంది, నేను సాయంత్రం బండికి వెళ్లిపోవాలి.

బాపట్ల చేరి తాళం తీస్తే ఇల్లు పొద్దున వదిలినట్టే ఉంది. కంప్యూటర్ వేసి డ్రాఫ్టు తెరిచాను. ఆ ఆట ఫైలు తెరవడానికి అతని దగ్గర ఇప్పుడు కంప్యూటర్ లేదు. మెయిల్లో రాసింది మాత్రం ఫోన్లో చదువుకోగలడు. మూడో ముక్క తీసేయాలా అని మళ్లీ చాలాసేపు చూశాను. తీయకుండానే పంపాను. ఈసారి వెళ్లిందో లేదో రెండుసార్లు చూసుకున్నాను. వెళ్లింది.

మర్నాడు పక్క బల్ల ఆవిడ దగ్గరికి నేనే వెళ్లాను. "మీ ఆట బాగానే ఉందండి. నాకే చేతకాలేదు" అన్నాను. ఆవిడ మొహం తేలికపడింది. గళ్ల కాగితం చూసి, "ఇప్పుడు మీదాంట్లో ఎవరి ఛాన్సు సార్?" అని అడిగింది.

"ఆయనదండి" అన్నాను. ఆ మాటైనా నిజం చెప్పగలిగాను.

పంతొమ్మిది రోజులు గడిచాయి. మొన్న ఆదివారం మధ్యాహ్నం, బతుకులో మొదటిసారి, వంతు ఉన్నవాడి గట్టు మీదకు వెళ్లాను. రేపల్లెకు ఫోన్ చేశాను.

"బావా, నేనే చేద్దామనుకుంటున్నా" అన్నాడు. వెనక అరుపులు వినపడుతున్నాయి. "ఒక్క రెండు నిమిషాలు బావా. మధ్యలో ఉన్నాం, వదిలేస్తే వీళ్లు పోతారు. నువ్వు మాత్రం ఫోను పెట్టెయ్యకు."

స్పీకర్లో పెట్టి వదిలేసినట్టున్నాడు. ఏరియేటర్లు నీళ్లు చిమ్మే చప్పుడు, ఎవరో ఎవర్నో పిలవడం, వాళ్లు వెంటనే పలకడం అన్నీ నా ఇంట్లోకి వినపడుతున్నాయి. ఆ మూడో ముక్క చదివాడో లేదో నాకింకా తెలియదు. రెండు నిమిషాలు కాస్తా పది అయ్యాయి. నేను ఫోను పెట్టెయ్యలేదు.